'వచ్చేసిందా? అయితే రేపట్నుంచి రాకు' అనే మాస్టారు

ప్రశ్న: మా పాపకి 12 ఏళ్ళు, ఏడో తరగతి. రెండేళ్ళుగా కరాటే నేర్చుకుంటోంది. ఏదైనా రెండుసార్లు చూస్తే చాలు, పట్టేస్తుంది. మొదట నేర్పిన సార్ 'ఈ పిల్లకి పుట్టుకతో వచ్చిన విద్యండీ' అనేవారు. ఆ క్లాసు మాకు దూరమైపోవడంతో పోయిన జూన్‌లో మా వీధికి దగ్గర్లో ఉన్న ఇంకో మాస్టారి దగ్గర చేర్చాం. అరవై దాటిన మనిషి. ఇంటి డాబా మీదే నేర్పుతారు. మనిషి అదో రకం. ఫీజు రెండు నెలలు ఆగినా అడగరు గానీ, పిల్లలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే గేటు తీయరు. వచ్చిన పిల్లలు ముందు డాబా ఊడవాలి. దండేనికి న్యూస్ పేపర్ వేలాడదీసి గుద్దమంటారు. ఎవరైనా 'వచ్చేసింది మాస్టారూ' అంటే 'వచ్చేసిందా? అయితే రేపట్నుంచి రాకు' అంటారు. శనివారం క్లాసయ్యాక ఒక పల్లీ చిక్కీ ఇస్తారు, ఆ వారం ఎక్కువసార్లు పడి లేచిన వాళ్ళకి. మా పాపకి ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

ఎనిమిది నెలలుగా ఒక్కటే కటా (ఒక వరసలో చేసే కదలికలు). పాత క్లాసులో దీనితో పాటు చేరినవాళ్ళు గ్రీన్ బెల్టుకి వచ్చేశారు. మొన్న జిల్లా టోర్నమెంటుకి దీన్ని పంపకుండా, సరిగ్గా అడుగు వేయడం కూడా రాని అబ్బాయిని పంపారు. వాడు మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చాడు. వెళ్ళి అడిగితే 'మీ అమ్మాయికి టాలెంట్ ఉందమ్మా, అందుకే టైం పడుతుంది' అన్నారు. ఇదేం మాట? మెడల్స్ ఉంటే ముందు ముందు స్పోర్ట్స్ కోటాకి పనికొస్తాయని మా వారి ఆశ. పాప రోజూ ఏడుస్తోంది. మాన్పించేయమంటారా?

– ఒక తల్లి, తాడేపల్లిగూడెం

సమాధానం: మాన్పించకండి. కనీసం వేసవి సెలవుల దాకా ఆగండి. అయితే దీనికో షరతు ఉంది. అదేమిటో తర్వాత చెప్తాను. అది తేలకపోతే మాత్రం నా సలహా మొత్తం తిరగబడుతుంది.

ముందు ఆ ఒక్క కటా సంగతి చూద్దాం. బయటినుంచి చూసేవాళ్ళకి కటా అంటే డాన్సు స్టెప్పుల్లా ఉంటుంది. ఇటు తిరిగి ఒక అడ్డు, అటు తిరిగి ఒక గుద్దు, అన్నీ కలిపి ఓ ఇరవై కదలికలు. చురుకైన పిల్లలకి ఆ వరస రెండు రోజుల్లో వచ్చేస్తుంది. మీ పాపకి వచ్చింది ఆ వరస. మాస్టారి కళ్ళు ఇంకోచోట ఉంటాయి. గుద్దు భుజంతో వేస్తోందా, నడుము తిప్పి వేస్తోందా? ఒక చెయ్యి ముందుకి పోతుంటే రెండో చెయ్యి అంతే విసురుగా వెనక్కి, నడుం దగ్గరికి వస్తోందా? అడుగు మార్చేటప్పుడు తల పైకి లేచి దిగుతోందా? వెనక మడమ నేలని వదిలేస్తోందా? ఊపిరి ఎక్కడ వదులుతోంది? గేటు దగ్గర నిలబడ్డ అమ్మానాన్నలకి ఇవేవీ కనపడవు. మా అమ్మకీ కనపడలేదు.

ఆ న్యూస్ పేపర్ పని కూడా ఇదే. వేలాడే కాగితాన్ని తోస్తే అది ఊగుతుంది, అంతే. గుద్దు చివర్లో చటుక్కున బిగిసి, అంతే చటుక్కున వెనక్కి వస్తేనే కాగితం టప్‌మని మోగుతుంది. మొదట్లో అది ఎవరికీ మోగదు. పైసా ఖర్చులేని పరికరం, బొత్తిగా మొహమాటం లేనిది. తెలివైన పిల్లనీ మందమతినీ ఒకేలా వెక్కిరిస్తుంది. ఊడవడం గురించి మాత్రం పెద్దగా ఆలోచించకండి. సినిమాల్లోలా చీపురు పట్టడంలో ఏదో రహస్య విద్య దాగుందని నేను చెప్పను. చెప్పుల్లేని కాళ్ళతో చేసే పని కాబట్టి నేల శుభ్రంగా ఉండాలి, ఎవరి నేల వాళ్ళు ఊడ్చుకోవాలి. మన పాత తాలింఖానాల్లోనూ కుస్తీ పట్టే మట్టిని కుర్రాళ్ళే పారతో తిరగేసేవాళ్ళు, వస్తాదు గట్టు మీద కూర్చునేవాడు.

ఇక, ఒక్కదాన్నే నెలల తరబడి చేయించడం మీ మాస్టారి సొంత పిచ్చి కాదు. కరాటే పుట్టిన జపాన్‌లోని ఒకినావా దీవిలో నేర్పే తీరే అది. ఇవాళ మన ఊళ్ళలోనూ కనిపించే షోటోకాన్ అనే కరాటే శైలికి మూలపురుషుడు గిచిన్ ఫునకోషి. 1868లో ఆ దీవిలోని షురిలో పుట్టారు. చిన్నప్పుడు రోగిష్టి పిల్లవాడు, పెద్దయ్యాక బడిపంతులు. 1922లో టోక్యో వెళ్ళి ప్రదర్శన ఇచ్చి అక్కడివాళ్ళకి ఈ విద్యని పరిచయం చేసింది ఆయనే. ఆయన గురువు అజాతో, బళ్ళో తనతో చదివిన కుర్రాడి తండ్రి. ఫునకోషి రాత్రిపూట చీకట్లో నడిచి ఆ ఇంటికి వెళ్ళేవాడు. పెరట్లో తను కటా చేస్తుంటే గురువు వసారాలో కర్రలా నిటారుగా కూర్చుని చూసేవారు. అయ్యాక వచ్చే మాట 'మళ్ళీ చెయ్యి', లేదంటే 'ఇంకొంచెం'. ఎప్పుడో ఒకనాడు గొణిగినట్టుగా 'బాగుంది'. అంతకుమించిన మెప్పు లేదు. చేస్తున్న కటా ఆయనకి నచ్చేదాకా ఇంకోటి నేర్పేవారు కాదు. అలా ఒక్కదాన్నే పట్టుకుని వేలాడటం విసుగ్గా, కొన్నిసార్లు అవమానంగా కూడా ఉండేదని ఫునకోషి తన జీవితకథలో రాసుకున్నారు. రోజూ రాత్రి ఈ పంతులు ఎక్కడికి పోతున్నాడో తెలియక చుట్టుపక్కలవాళ్ళు భోగం ఇళ్ళకి తిరుగుతున్నాడేమో అనుకున్నారట! మీకు మాస్టారి పద్ధతి అర్థం కాలేదంటే మరీ బాధపడకండి. వాళ్ళ కన్నా మీరు నయమే.

ఇంకా మొండి గురువులూ ఉన్నారు. జూడోకి మూలపురుషుడైన జిగోరో కానో 1877లో ఫుకుదా అనే జుజుత్సు (జపాన్ పాతకాలపు పట్ల విద్య) గురువు దగ్గర చేరాడు. బక్కపల్చని కుర్రాడు. ఒకరోజు గురువు ఏదో పట్టు వేసి విసిరికొట్టారు. 'అది ఎలా వేశారండీ' అని అడిగాడు. 'రా' అని మళ్ళీ విసిరారు. 'చెయ్యి ఎక్కడ పెట్టారు, కాలు ఎక్కడ పెట్టారు' అన్నాడు. మళ్ళీ విసిరారు. చెప్పించుకుంటే వచ్చేది కాదు, పడితే వస్తుంది అన్నది ఆ గురువు లెక్క. ఆ కుర్రాడే 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే గదిలో తన జూడో బడి కొదోకాన్ పెట్టాడు. అయితే కానో వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. తన శిష్యులకి మాత్రం ఏ పట్టు ఎందుకు పనిచేస్తుందో విడమరిచి చెప్పేవాడు. గురువు దగ్గర పడటం నేర్చుకుని, నోరు విప్పకపోవడాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు. మీ మాస్టారు కూడా ఈ రెండో పని కొంచెం చేస్తే బాగుండేది. 'టాలెంట్ ఉంది కాబట్టి టైం పడుతుంది' అని ఒక తల్లికి పొడుపుకథ వేసి పంపడం నాకు నచ్చలేదు.

బెల్టుల దగ్గర మీ మనసు బాగా చిక్కుకుంది. దాని చరిత్ర కూడా వినండి. బ్లాక్ బెల్టు స్థాయిల్ని లెక్కపెట్టే 'డాన్' అనే మెట్లు మొదలుపెట్టింది ఈ కానోయే, 1883లో. ఇప్పుడు మనం చూసే పసుపు, ఆకుపచ్చ, నీలం వరస 1930ల్లో యూరప్‌లో, ముఖ్యంగా పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి అనే గురువు వల్ల బాగా ప్రాచుర్యంలోకి వచ్చింది. నేర్చుకునేవాళ్ళకి ఎప్పటికప్పుడు ఒక గమ్యం కనిపిస్తుందని. మంచిదే. కానీ మన ఊళ్ళలో చాలాచోట్ల మూడు నెలలకో ఎగ్జామ్, ఎగ్జామ్‌కో ఫీజు, సర్టిఫికెట్‌కో ఫీజు అన్నట్టు తయారైంది. ఒక క్లాసు గ్రీన్ బెల్టుకీ ఇంకో క్లాసు గ్రీన్ బెల్టుకీ పోలిక లేదు. కిరాణా కొట్లో తూకం రాళ్ళలాంటివి కావివి. పాత క్లాసు పిల్లలు ముందుకి పోయారా, రంగు మాత్రమే మారిందా అన్నది ఇక్కణ్నుంచి మీరూ నేనూ చెప్పలేం.

ఇప్పుడు ఆ అబ్బాయి. అడుగు వేయడం రానివాణ్ణి పంపారు, మొదటి రౌండులో ఓడి వచ్చాడు అని రాశారు. మర్నాడు క్లాసుకి వచ్చాడా? అది మీరు రాయలేదు. వచ్చే ఉంటాడని నా అనుమానం. గెలుస్తాడనుకుని కాదు, ఓడినా తిరిగి వస్తాడన్న నమ్మకంతోనే మాస్టారు వాణ్ణి పంపి ఉంటారు. మీ పాప అదే మొదటి రౌండులో, అంతమంది ముందు ఓడిపోయి ఉంటే మర్నాడు చీపురు పట్టుకునేదా? నిజం చెప్పండి. పేరు పిలవలేదనేమో రోజూ ఏడుస్తున్న పిల్ల! మాస్టారి పొడుపుకథకి నేను విప్పుకున్న అర్థం ఇదే. ఇట్టే వచ్చేసే పిల్లలకి రాకపోవడం అంటే ఏమిటో తెలియదు. తెలియనిది ఎదురైతే బెదిరిపోతారు.

అది ఎదురయ్యే వయసు కూడా దగ్గరికొచ్చింది. ఇంకో ఏడాదీ రెండేళ్ళలో పాప కాళ్ళూ చేతులూ సాగుతాయి, ఒంటి బరువు నిలిచే చోటు మారుతుంది. నిన్నటిదాకా అలవోకగా లేచిన కిక్కు తడబడుతుంది. బాగా ఆడే ఆడపిల్లలు మానేసేది ఈ వయసులోనే, నేను చాలామందిని చూశాను. అప్పుడు పట్టుకోవడానికి ఒంట్లో ఏదో ఒకటి మిగలాలి. చేసి చేసి ఎముకకి పట్టిన అలవాటు మిగులుతుంది, చూసి పట్టేసింది మిగలదు.

మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్‌ని చూడండి. 2011లోనే జూనియర్లలో ప్రపంచ విజేత. అందరూ ఇక తిరుగులేదనుకున్నారు. 2017లో భుజానికి దెబ్బ తగిలింది. 2019 చివర్లో మేరీ కోమ్ చేతిలో ట్రయల్స్‌లో చిత్తుగా ఓడింది. పెద్దవాళ్ళ ప్రపంచ టైటిల్ వచ్చింది 2022లో, ఇస్తాంబుల్‌లో. మరుసటేడాది ఢిల్లీలో ఇంకోటి. మధ్యలో 11 ఏళ్ళు! ఆ 11 ఏళ్ళూ ఆమెని నడిపింది మొదట్లో అందరూ మెచ్చుకున్న చురుకుతనమేనా?

అలాగని శ్రమే సర్వం, టాలెంట్ అనేదే లేదు అనే మాటని నేను నమ్మను. మీ మాస్టారు నమ్ముతారేమో. నమ్మితే కొంచెం జాగ్రత్తగానే ఉండాలి. జపాన్‌లో మసాహికో కిమురా అని గొప్ప జూడో వీరుడు ఉండేవాడు. మన ఆలిండియా పోటీల్లాంటి వాళ్ళ ఆల్ జపాన్ పోటీల్లో 1937 నుంచి వరసగా మూడేళ్ళు విజేత. 1951లో బ్రెజిల్ వెళ్ళి అక్కడి పేరున్న జుజుత్సు వీరుడు ఎలియో గ్రేసీని ఓడించాడు. 'మూడు రెట్లు శ్రమ' అన్నది అతని మంత్రం. అవతలివాడు మూడు గంటలు చేస్తే నేను తొమ్మిది గంటలు. ఎదురు ఎవరూ లేకపోతే రాత్రిళ్ళు చెట్టునే ప్రత్యర్థిగా పెట్టుకుని కాలు వేసేవాడు. వినడానికి బాగుంటుంది. కానీ చిన్నప్పట్నుంచీ ఏటి ఒడ్డున కంకర మోసిన ఒళ్ళు అది. తొమ్మిది గంటలు తట్టుకోవడమే ఒక టాలెంట్, అది అందరికీ ఇవ్వలేదు దేవుడు. ఇక అతని గురువు ఉషిజిమా. 'దయ్యం ఉషిజిమా' అని పేరు. ఒకసారి వరసపెట్టి ఎనిమిది మందిని ఓడించి తొమ్మిదోవాడి చేతిలో ఓడిన శిష్యుణ్ణి మెచ్చుకోవాల్సింది పోయి చెంప పగలగొట్టాడు. ఇలాంటివి కథల్లో చదువుకుందాం. మన పిల్లల దగ్గరికి మాత్రం రానివ్వద్దు.

మొదట చెప్పిన షరతు ఇదే. పాప దేనికి ఏడుస్తోంది? ఉక్రోషంతోనా, నొప్పితోనా, భయంతోనా? అన్నం పెట్టేటప్పుడో జడ వేసేటప్పుడో మెల్లగా అడగండి, 'ఎందుకేడుస్తున్నావే' అని కసిరినట్టు కాదు. ఉక్రోషమైతే పరవాలేదు, అది ఈ విద్యలో భాగమే. తొడలూ పిక్కలూ రెండు మూడు రోజులు లాగేసి తగ్గిపోతే అదీ మామూలే. మోకాలో మణికట్టో మడమో ప్రత్యేకంగా నొప్పి పెట్టినా, వాచినా, రాత్రి నిద్రలో లేపినా మాత్రం క్లాసు ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. సిమెంటు నేల మీద పిడికిళ్ళతో పుషప్స్ తీయించడం, గట్టి చెక్కని గుద్దించడం ఈ వయసుకి వద్దు. అలాంటివి ఉంటే మాస్టారికి మొహం మీదే చెప్పండి. మన ఎండల్లో 'నీళ్ళు తాగితే దమ్ము పోతుంది' అనే పాతకాలపు మాట ఆయన నోట వస్తే అదీ ఒప్పుకోవద్దు.

భయం అయితే ఇంకేమీ ఆలోచించకండి. మెచ్చుకోని గురువు వేరు, కించపరిచే గురువు వేరు. కొట్టినా, బూతులు తిట్టినా, సరిచేసే వంకతో పాపకి ఇబ్బంది కలిగేలా తాకినా, 'ఇంట్లో చెప్పకు' అన్నా ఆ రోజుతో సరి. అవసరమైతే పోలీసుల దాకా వెళ్ళాలి, పిల్లల రక్షణకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. మీరు రాసిన దాన్నిబట్టి అలాంటి వాసన ఏమీ లేదు. డాబా మీద, పదిమందికి కనపడేలా నేర్పే మనిషి. అయినా ఒక వారం రోజులు వెళ్ళి పిట్టగోడ దగ్గర కూర్చోండి. తల్లిదండ్రులు చూస్తానంటే వద్దనే గురువుని నేను నమ్మను, ఎంత గొప్పవాడైనా.

మీ వారి ఆశ గురించి ఒక్క మాట. కరాటే ఒలింపిక్స్‌లో ఉన్నది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో ఆటల్లో. పారిస్‌లో తీసేశారు. ఊళ్ళలో జరిగే 'నేషనల్', 'ఇంటర్నేషనల్' టోర్నమెంట్ల మెడల్స్ అన్నీ కోటాకి చెల్లవు. ఏ ఆటని, ఏ సంఘం పోటీలని లెక్కలోకి తీసుకుంటారో ముందు కనుక్కోండి. కోటాయే లక్ష్యమైతే జూడో, తైక్వాండో, బాక్సింగ్ వైపు చూడటం మేలు. అప్పుడు క్లాసు మార్చినా నేను తప్పనను. అది వేరే లెక్క.

ఇంత నమ్మకంగా ఎందుకు చెప్తున్నానంటారా? 1980ల్లో సుమన్, భానుచందర్ తెర మీద కాళ్ళెత్తుతుంటే ఊరూరా కరాటే క్లాసులు వెలిసిన రోజుల్లో నేనూ చేరాను. నాకూ ఇట్టే వచ్చేసేది. మా మొదటి మాస్టారు ముతక మనిషి, ఆరు నెలలు నిలబడటమే నేర్పారు. విసుగొచ్చి ఇంకో క్లాసుకి మారిపోయాను. మా అమ్మ కూడా సై అంది. అక్కడ రెండున్నరేళ్ళలో బ్లాక్ బెల్టు కట్టారు, ఊళ్ళో ఫొటో కూడా తీశారు. ఆ బెల్టు ఇప్పటికీ బీరువాలో ఉంది. మొన్నామధ్య మనవడు అడిగితే కటా చేసి చూపిద్దామని హాల్లో సోఫా జరిపాను. వరస మొత్తం గుర్తుంది. ఒంటికి మాత్రం ఏమీ గుర్తులేదు. మూడో మలుపులో టీపాయ్‌కి తగిలాను.

మీరు చెయ్యాల్సింది ఎక్కువేం లేదు. మాస్టారి దగ్గరికి ఒకసారి ఒంటరిగా వెళ్ళండి, పాపని తీసుకెళ్ళకుండా. 'బెల్టు ఎప్పుడు' అని అడగకండి. 'ఏం సరిచేసుకోవాలో ఒక్కటి చూపించండి మాస్టారూ' అనండి. నేర్పే మనిషైతే లేచి నిలబడి చేసి మరీ చూపిస్తారు. చూపించలేక 'ఇంకా శ్రమ పడాలి' అని తప్పించుకుంటే, ఆయన విచిత్రాలన్నీ ఉత్త విచిత్రాలే అనుకోవచ్చు. వచ్చే టోర్నమెంటుకి పాపని పంపమని కూడా అడగండి, గెలవడానికి కాదు, ఓడినా సరే పంపమని. ఆ మాట మీ నోట వింటే ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని నాకూ ఉంది. ఇంట్లో చుట్టాల ముందు 'రెండుసార్లు చూస్తే పట్టేస్తుంది' అనే మాట కొన్నాళ్ళు మానేయండి. దాని బదులు సాయంత్రం రాగానే 'ఇవాళ పేపర్ మోగిందా?' అని అడగండి.

ఇక ఆ చిక్కీ. ఎనిమిది నెలల్లో ఒక్కటీ రాలేదంటే పాప ఎనిమిది నెలలుగా పడలేదని అర్థం. పడలేదంటే తనకి రానిదాని జోలికి పోలేదని. వచ్చినదాన్నే అందంగా చేస్తోంది. మీకు జాలేసి బజార్లో కొనిపెట్టాలనిపిస్తుంది, కొనకండి. శనివారం సాయంత్రాలు గేటు దగ్గర చూస్తూ ఉండండి. ఏదో ఒక శనివారం మోచెయ్యి దోక్కుపోయి, డ్రెస్సుకి డాబా మట్టి అంటుకుని, సగం కొరికిన చిక్కీ పట్టుకుని బయటికి వస్తుంది. మిగతా సగం మీకు పెట్టిందో లేదో నాకు రాయండి.